శిస్తు బాకీకి భూమి వేలము: వెలుగోడు సీమ నాధారముగా నొక చారిత్రక పరిశీలనము

ప్రభుత్వమునకు రావలసిన పన్ను గడువునకు రానప్పుడు దానిని ఎవరినుండి రాబట్టవలెను? బాకీపడిన మనుష్యుని శరీరమునుండియా? అతని చేతనున్న భూమినుండియా? లేక రొక్కముతో వచ్చి బాకీని తనమీద వేసికొను మూడవవానినుండియా? ఈ ప్రశ్నకు చరిత్రలో ఈ మూడు సమాధానములును వేర్వేరు కాలములందు, వేర్వేరు దేశములందు లభించినవి. మన రాయలసీమ రైతు మొదటి రెండింటిని అనుభవించినాడు. మూడవదాని నీడను మాత్రము చూచినాడు. ఈ వ్యాసమున వెలుగోడు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమును దృష్టియందుంచుకొని, శిస్తు బాకీకై భూమిని వేలము వేయు పద్ధతి ఎట్లేర్పడినది, అది యెట్లు నడచినది, ఆ వేలములో కొనుటకు ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు అను విషయములను పరిశీలింప యత్నించుచున్నాను.

శిస్తు వేలములలో రైతుల భూములన్నియు షావుకార్ల పాలైనవనుట మనవారిలో బహుళముగా వ్యాపించిన అభిప్రాయము. ఇందు సత్యాంశము లేకపోలేదు. కాని లభించుచున్న లెక్కలను, చట్టములోని నిబంధనలను కలిపి చదివినచో మరియొక చిత్రము కనబడును. వేలములో భూమిని ఎగరేసుకొనిపోయినవారికంటె, వేలమునకు రానివారి సంఖ్యయే ఆ చరిత్రకు కీలకమని నా మనవి.

మూడవవాని మార్గము

మొదట మూడవ సమాధానమును చెప్పుట సుకరము. అది నేడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో బహుళ ప్రచారమున నున్నది. అచ్చట కొన్ని రాష్ట్రములలో స్థానిక ప్రభుత్వములు ఇంటిమీదను స్థలముమీదను రావలసిన పన్ను రానిచో, ఆ బాకీపై తమకు గల హక్కును వేలమున అమ్మును. కొన్నవాడు బాకీ మొత్తమును చెల్లించి ఒక పత్రమును పొందును. యజమాని గడువులోపల వడ్డీతో బాకీ తీర్చినచో ఆ వడ్డీ పత్రదారునకు లాభము. తీర్చనిచో పత్రదారుడు చట్టము చెప్పిన మార్గమున ఆస్తిని రాబట్టుకొనవచ్చును. ఫ్లోరిడా రాష్ట్రమున ఈ పాట నూటికి 18 వడ్డీతో మొదలై క్రిందికి దిగును. ఎవడు తక్కువ వడ్డీకి ఒప్పుకొనునో వానికే పత్రము దక్కును. మరికొన్ని రాష్ట్రములలో బాకీపై హక్కును గాక ఆస్తినే వేలమునకు పెట్టి, కొన్నవానికి ప్రభుత్వమే దస్తావేజు వ్రాసియిచ్చును. మొదటిది బాకీని కొనుట, రెండవది ఆస్తిని కొనుట. రెండును నేడు పెట్టుబడి మార్గములుగా పేరొందినవి.

ఈ రెండు మార్గముల బీజములును 1864వ సంవత్సరపు మద్రాసు చట్టమున కలవు. ఈ పోలిక యాదృచ్ఛికము కాదు. భూమియే పన్నునకు హామీ అని ఒప్పుకొన్న ప్రతి ప్రభుత్వమునకును, ఆ హామీని రొక్కముగా మార్చుటకు ఒక కొనుగోలుదారు కావలయును. ఆ కొనుగోలుదారు లేనినాడు చట్టము కాగితముపై నిలిచిపోవును.

శరీరమునుండి భూమికి

నంద్యాల, ఆత్మకూరు ప్రాంతములు 1839 వరకు కర్నూలు నవాబుల యేలుబడిలో నుండెను. ఆ సంవత్సరమున కంపెనీవారు నవాబు గులాం రసూల్ ఖానును పదభ్రష్టుని గావించి రాజ్యమును స్వాధీనము చేసికొనిరి. 1858లో కడప జిల్లానుండి కోయిలకుంట్ల, కంభము, మార్కాపురములను, బళ్లారినుండి పత్తికొండను చేర్చి కర్నూలు జిల్లాను ఏర్పరచిరి. 1800లో నైజామునుండి కంపెనీకి సంక్రమించిన దత్తమండలములలో థామస్ మన్రో నాటిన రైతువారీ పద్ధతి ఈ విధముగా కర్నూలు సీమకును వచ్చినది. ఈ పద్ధతిలో ప్రభుత్వమునకును రైతునకును నడుమ జమీందారు లేడు. పట్టా రైతు పేరనే యుండును. శిస్తు బాకీయు రైతు పేరనే యుండును.

అట్టి బాకీని రాబట్టుటకు పూర్వము అవలంబించిన పద్ధతి యెట్టిదో 1855వ సంవత్సరపు విచారణ సంఘ నివేదిక వలన తెలియుచున్నది. చెన్నపురి రాజధానిలో పన్ను వసూలునకై రైతులను హింసించుచున్నారను ఆరోపణ బ్రిటిష్ పార్లమెంటు వరకు పోగా, 1854లో ఎలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అను మువ్వురతో ఒక సంఘమును నియమించిరి. బాకీదారుని నడుము వంచి తాటితో కట్టి యెండలో నిలుపుట, వ్రేళ్లను కర్రల నడుమ నొక్కుట మొదలగు హింసలు నిజముగానే జరుగుచుండెనని ఆ సంఘము నిర్ధారించినది. ఈ పనులు చేసినవారు దొరలు గారు, క్రింది యుద్యోగులు. కాని వసూలు చేసి తీరవలెనను ఒత్తిడి పైనుండి దిగివచ్చినదే. క్రింది యుద్యోగికి రైతు భూమి నమ్ము సులభమైన అధికారము లేదు. అతని చేతికి అందినది రైతు శరీరము మాత్రమే.

ఈ నివేదిక వెలువడిన తొమ్మిదేండ్లకు 1864వ సంవత్సరపు రెండవ చట్టము వచ్చినది. శిస్తు వసూలు చట్టమని దీనికి వాడుక పేరు. ఆంధ్రప్రదేశములో ఈ చట్టము నేటికిని అమలులో నున్నది. భూమి శిస్తుకంటె ఇతరములైన ప్రభుత్వపు బాకీలను రాబట్టుటకును దీనిని ఉపయోగించుచున్నారు.

1864 చట్టపు నిర్మాణము

ఈ చట్టపు మూలసూత్రము రెండవ సెక్షనులో నున్నది. భూస్వామియొక్క భూమి, దానిపైని కట్టడములు, దాని పంట, ఇవన్నియు ప్రభుత్వపు పన్నునకు హామీ యని ఆ సెక్షను చెప్పుచున్నది. గడువు దాటిన బాకీకి నూటికి ఏటా 6 రూపాయల వడ్డీ. వసూలునకు మూడు మార్గములు: చరాస్తి జప్తు, స్థిరాస్తి జప్తు, బాకీదారుని నిర్బంధము. నిర్బంధము పూర్తిగా పోలేదు. బుద్ధిపూర్వకముగా ఎగవేయువానిని కారాగారమున నుంచవచ్చును. కాని దానికి హద్దులు కలవు. 50 రూపాయలకు మించని బాకీకి మూడు నెలలు, 500 రూపాయలకు మించని బాకీకి ఆరు నెలలు, ఎంత బాకీ యైనను రెండేండ్లు, అంతకు మించరాదు. శరీరమునుండి భూమికి దృష్టి మరలినదనుటకు ఈ హద్దులే సాక్ష్యము.

భూమి వేలపు విధానము 36వ సెక్షనులో విపులముగా నున్నది. వేలమునకు ముందు కలెక్టరు ఒక ప్రకటనను ఇంగ్లీషులోను జిల్లా భాషలోను వెలువరింపవలెను. అందు బాకీదారుని పేరు, భూమి యెచ్చట నున్నది, దాని విస్తీర్ణమెంత, దానిపై నిర్ణయించిన శిస్తెంత, ఆ ఫసలీలో ఇంకను రావలసిన దెంత, వేలము ఎప్పుడు, ఎచ్చట, ఏ షరతులపై జరుగును అను వివరములు ఉండవలెను. కలెక్టరు కచేరిలోను, తాలూకా కచేరిలోను, సమీపపు పోలీసు స్టేషనులోను, ఆ భూమిలోనే ప్రస్ఫుటమైన యొక తావునను ఒక నెల ముందుగా దానిని అంటింపవలెను. కర్నూలు జిల్లాలో జిల్లా భాష తెలుగే గనుక, తెలుగులో నిట్టి ప్రకటన వ్రాయుట చట్టము విధించిన ధర్మమైనది. మన శాఖకు చెందిన పరిశోధకులు ఈ యంశమును గమనింపవలెను. పందొమ్మిదవ శతాబ్దపు తెలుగు వచనమును గూర్చి మనము వ్రాయునప్పుడు కావ్యములను, పత్రికలను, పాఠ్యపుస్తకములను చూతుము. పొలము గట్టుపై అంటించిన ఈ వచనమును చూడము. ఆ గ్రామములో చదువు రానివాడును బలవంతముగా వినవలసివచ్చిన వచనమిది.

వేలము నాడు హెచ్చుపాట పాడినవాడు నూటికి 15 వంతున వెంటనే ధరావతు కట్టవలెను. మిగిలినది 30 దినములలో చెల్లింపవలెను. చెల్లింపనిచో ధరావతు పోవును, భూమి ఆ పాటదారుని ఖర్చుమీదను నష్టముమీదను మరల వేలమునకు వచ్చును. రైతు గాని, అతని తరఫున మరియొకడు గాని, వేలమునకు ముందునాడు ప్రొద్దు గ్రుంకులోపల బాకీ అంతయు తెచ్చి కట్టినచో వేలము ఆగిపోవును. వేలములో మోసము గాని, గట్టి లోపము గాని జరిగినచో 30 దినములలో అర్జీ పెట్టుకొని దానిని రద్దు చేయించుకొనవచ్చును. అట్టి అర్జీ లేనిచో కలెక్టరు వేలమును స్థిరపరచి, కొన్నవాని పేర భూమిని నమోదు చేయించి, అమ్మకపు ధ్రువపత్రము నిచ్చును. అమెరికాలో పన్ను దస్తావేజు అనునది ఇదియే.

42వ సెక్షను ఈ చట్టమునకు గుండెకాయ. శిస్తు బాకీకై అమ్మిన భూమి సమస్త భారములనుండియు విముక్తమై కొన్నవానికి చెందును. తాకట్టులన్నియు పోవును. బాకీ, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము బాకీదారునకు చెందును. అంతేకాక 44వ సెక్షను ప్రకారము బాకీ తీరుటకు చాలినంత భాగమునే సాధ్యమైనంతవరకు అమ్మవలెను.

ఇక 35వ సెక్షను. జప్తులో నున్న భూమిపై ఏదేని హక్కుగలవాడు తానే బాకీ కట్టి భూమిని విడిపింపవచ్చును. కట్టినవాడు కౌలుదారైనచో ఆ సొమ్మును తాను ఈయవలసిన కౌలునుండి మినహాయించుకొనవచ్చును. నిజాయితీగల తాకట్టుదారైనచో ఆ సొమ్ము భూమిమీద భారముగా నిలుచును. బాకీని మూడవవాడు కట్టి, ఆ సొమ్మునకు భూమినే హామీగా పొందుట యనగా ఇదియే. అమెరికాలో పత్రముగా అమ్ముడుపోవుచున్న హక్కునకు మన చట్టములోని సోదరుడిది. భేదమేమన, అచ్చట దారిన పోవు ధనికుడెవడైనను ఆ హక్కును కొనవచ్చును. ఇచ్చట ఆ భూమితో పూర్వసంబంధము కలవానికే ఆ యవకాశము.

ఒక ఊహాత్మక ఉదాహరణము

ఈ నిబంధనలు కలిసి యెట్లు పనిచేయునో తెలియుటకు ఒక ఉదాహరణమును ఊహించుకొందము. వెలుగోడు ప్రాంతపు చిన్నరైతొకడు శిస్తు, వడ్డీ, ఖర్చులు కలిపి 12 రూపాయలు బాకీపడినాడనుకొందము. అతని భూమిపై షావుకారునకు 30 రూపాయల తాకట్టు కలదు. భూమి వేలమునకు వచ్చి 40 రూపాయలకు పాట నిలిచినది. పాటదారు ఆనాడే 6 రూపాయలు కట్టి, మిగిలిన 34 రూపాయలు నెలలోపల కట్టును. ప్రభుత్వము 12 రూపాయలు తీసికొనును. మిగిలిన 28 రూపాయలు చట్టపు మాటను బట్టి రైతువి. షావుకారు తాకట్టు భూమినుండి తొలగిపోయినది. అతడు తన 30 రూపాయలకై రైతు వెంట పడవలసినదే.

కనుక తెలివిగల షావుకారు వేలము వరకు రానిచ్చునా? రానీయడు. 35వ సెక్షను ప్రకారము ఆ 12 రూపాయలు తానే కట్టును. తాకట్టు నిలుచును, దానికి తోడు ఈ 12 రూపాయల భారమును భూమిపై చేరును. రైతు పట్టా నిలిచినట్లే కనబడును. కచేరి లెక్కలో బాకీ లేదు, జప్తు లేదు, వేలము లేదు. కాని రైతు మెడకు ఉచ్చు మరియొక పేట బిగిసినది. కావున విలువగల భూమిని షావుకారు వశపరచుకొన్న సందర్భములలో పెక్కు వేలపు లెక్కలలోనికి ఎక్కియే యుండవని ఈ చట్టమునుండి తర్కసిద్ధముగా తేలుచున్నది. వాటిని వెదుకవలసినది రిజిస్ట్రేషను పత్రములలోను, దివాణీ న్యాయస్థానపు తీర్పులలోను. శిస్తు వేలములలో కాదు.

అట్లయినచో శిస్తు వేలము వరకు వచ్చిన భూములెట్టివి? తాకట్టుదారుడు లేనివి, లేదా తాకట్టుదారుడుండియు 12 రూపాయలు పెట్టుటకు తగవని విడిచినవి. ఈ సూత్రమును మనసులో నుంచుకొని లెక్కలను చూడవలెను.

వెలుగోడు సీమయు, కరవును

వెలుగోడు నల్లమల కొండలకు పడమట, గాలేరు నది పరిసరమున నున్నది. చిరకాలము ఆత్మకూరు తాలూకాకు చెంది, 2022 ఏప్రిలులో నంద్యాల జిల్లా యేర్పడినప్పటినుండి ఆ జిల్లాలో చేరినది. ఎర్రమలకు నల్లమలకు నడుమనున్న ఈ లోయలో నల్లరేగడి విశేషము. రేగడి మంచి వాన కురిసిననాడు కల్పవృక్షము, కురియనినాడు నెఱియలు వారిన బండ. రైతునకు మంచి యేడును చెడ్డయేడును కలిసి సరాసరి. సర్కారునకు మాత్రము ప్రతి యేడును కిస్తు.

ఈ సీమలో పెట్టుబడి యను మాట మరియొక రూపమున గూడ వినబడినది. 1858లో ఇంగ్లండులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో కర్నూలు కడప కాలువ పనిని ఆరంభించినది. సుమారు 190 మైళ్ల ఈ కాలువ నంద్యాల లోయగుండ సాగినది. కంపెనీలో సొమ్ము పెట్టినవారికి నూటికి 5 వంతున వడ్డీ వచ్చునని ప్రభుత్వము హామీ యిచ్చినది. కాలువ లాభించినను లాభింపకపోయినను ఆ వడ్డీ చెల్లవలసినదే. సామాన్యవర్షము గల సంవత్సరములలో రేగడి రైతులు నీటిని అంతగా కోరలేదు. కాలువ రాబడి ఆశించినట్లు రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చినది. ఇందలి వైపరీత్యమును గమనింపుడు. లండనులోని వాటాదారునకు పంట పండినను పండకపోయినను నూటికి 5 రాబడి. ఆ రాబడికి హామీ భారతదేశపు ప్రభుత్వాదాయము, అందు ముఖ్యభాగము భూమి శిస్తు. వెలుగోడు రైతునకు పంట పండకపోయి శిస్తు తప్పినచో నూటికి 6 వడ్డీ. ఒకే ఖజానా ఒకనికి హామీ, మరియొకనికి అప్పులవాడు.

1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమున వచ్చిన మహాక్షామము కర్నూలు జిల్లాను అతిఘోరముగ బాధించినది. 1871 జనాభా లెక్కలను 1881 లెక్కలతో పోల్చినచో జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గినట్లు కనబడుచున్నది. ఇందు చచ్చినవారు కలరు, వలసపోయినవారు కలరు. నలుగురిలో నొకడు లేని గ్రామమున పొలములు దున్నువారెవరు? ఎద్దులు చచ్చినవి. విత్తనములు తిండికైనవి. పట్టాలు మాత్రము చావలేదు. పట్టా యున్నంతకాలము శిస్తును నిలువదు.

పదునొకండేండ్ల లెక్క

క్షామానంతరము చెన్నపురి రాజధాని అంతట జరిగిన వేలములను గూర్చి ఒక లెక్క ప్రసిద్ధమైనది. బొంబాయి ప్రభుత్వమున కౌన్సిలు సభ్యుడుగా పనిచేసి విశ్రాంతి పొందిన అలెగ్జాండర్ రోజర్స్ 1893లో దీనిని ఇండియా కార్యాలయము దృష్టికి తెచ్చెను. 1879-80 మొదలు 1889-90 వరకు పదునొకండు సంవత్సరములలో 8,40,713 మంది బాకీదారులకు చెందిన 19,63,364 ఎకరముల భూమి శిస్తు బాకీకై వేలమునకు వచ్చినది. ఇదిగాక 29,65,081 రూపాయల విలువగల చరాస్తిని అమ్మిరి. ఆ భూమిలో 11,74,143 ఎకరములను పాటదారులు లేక ప్రభుత్వమే కొనవలసివచ్చినది.

ఈ అంకెలను విభజించి చూచినచో వాటి స్వరూపము తేటపడును. ఒక్కొక్క బాకీదారునకు సగటున వచ్చు భూమి 2.3 ఎకరములు. చరాస్తిని అంతమందికిని పంచినచో తలకు వచ్చునది మూడున్నర రూపాయలు. కావున వీరు పెద్ద భూస్వాములు కారు, బుద్ధిపూర్వకముగ ఎగవేసినవారును కాజాలరు. మూడున్నర రూపాయల చరాస్తి యనగా ఇంటిలోని చెంబును, తప్పేలయు, గొర్రుగుంటకలును. ఇక వేలమునకు వచ్చిన భూమిలో నూటికి దాదాపు 60 వంతులు కొనువారు లేక సర్కారుపాలైనది. మనవారు వేలములందు ‘సర్కారువారి పాట’ అని మొదట పలుకుదురు. సాధారణముగా అది ఇతరుల పాటకు నాంది మాత్రమే. ఈ పదునొకండేండ్లలో నూటికి అరువది ఎకరములకు సర్కారువారి పాటయే మొదటిది, అదియే తుదిది.

పాటదారు ఏల రాలేదు?

చట్టము కొనువానికి నిష్కంటకమైన హక్కు నిచ్చినది. ధర తక్కువ. ఒక నెల ముందుగా చాటింపు. మరి పాటదారు రాకపోవుటకు కారణమేమి? నాకు తోచిన కారణములు మూడు.

మొదటిది: ఆ భూమితోపాటు పాటదారు కొనునది దాని శిస్తును గూడ. పాతబాకీ, తాకట్టు పోవునే గాని, రాబోవు ఫసలీ శిస్తు పోదు. భూమికి ధర యనగా, పంటలో సేద్యపు ఖర్చును శిస్తును పోగా మిగులుదానికి కట్టిన వెల. మిగులు లేనిచోట వెలయు లేదు. హక్కు ఎంత నిష్కంటకమైనను శూన్యమునకు హక్కు శూన్యమే.

రెండవది: క్షామానంతరము బీడుభూములకు కొరత లేదు. రైతువారీ పద్ధతిలో బీడుభూమిని కోరువాడు దరఖాస్తు పెట్టుకొని, శిస్తునకు ఒప్పుకొని పట్టా పొందవచ్చును. ఊరకే దొరకుదానికి వేలములో ధరావతు కట్టి ఎవడు కొనును? ఒక చేతితో బీడును ఇచ్చుచు మరియొక చేతితో భూమిని అమ్మజూపిన ప్రభుత్వము తన వేలమునకు తానే పోటీ యైనది.

మూడవది: పైని ఉదాహరణములో చెప్పినదే. విలువగల భూమిని దానిపై హక్కుగలవారు వేలమునకు పూర్వమే బాకీ కట్టి విడిపించుకొనిరి. వేలమున మిగిలినది జల్లెడలో మిగిలిన తవుడు.

ప్రభుత్వ పక్షమున ఒక సమాధానము చెప్పవచ్చును. కొనువారు లేకపోవుట శిస్తు భారము వలన గాక, క్షామమున జనము నశించి చెదరుట వలననే యనియు, ఆ వేలములలో పెక్కు వదలిపెట్టిన పొలముల లెక్క సరిచేయుటకు జరిగినవే యనియు వాదింపవచ్చును. ఇందు కొంత న్యాయము లేకపోలేదు. పట్టాదారు చచ్చినను వలసపోయినను లెక్కలో బాకీ పెరుగుచునే యుండును. దానిని తీసివేయుటకు వేలము ఒక మార్గము. కాని ఈ వాదమును అంగీకరించినను మరియొక ప్రశ్న మిగులును. మనుష్యుడు లేని పొలముపై శిస్తు వేసి, దానిని బాకీ యని వ్రాసి, దానికి నూటికి 6 వడ్డీ కట్టి, వేలము చాటి, తానే కొనుట వలన ఖజానాకు చేరినదేమి? వానలు వచ్చి వలస తిరిగివచ్చిన రైతునకు పోయినది మాత్రము తండ్రినాటి పట్టా.

1900లో రమేశచంద్ర దత్తు మొదలగువారును, రోజర్స్ వంటి విశ్రాంత యుద్యోగులును భూమి శిస్తు విధానమును మార్చుమని ఇండియా మంత్రికి విజ్ఞాపనము పంపిరి. దానికి సమాధానముగ 1902 జనవరిలో కర్జను ప్రభుత్వము వెలువరించిన తీర్మానము, క్షామములకు శిస్తు కారణము కాదని వాదించినది. అయినను ఋతువుల యొడుదొడుకులను బట్టి వసూలును సడలింపవలెనని అంగీకరించినది. శిస్తు న్యాయమైనదే, వసూలు కఠినము అని ఆ తీర్మానపు సారాంశము. వెలుగోడు రైతు దృష్టిలో ఈ రెండింటికిని భేదమెంత యుండెనో ఊహింపవచ్చును.

మిగులు సొమ్ము

ఈ చట్టపు గుణమును గూడ చెప్పకపోవుట అన్యాయము. అమెరికాలో మినెసోటా రాష్ట్రమునందు ఒక వృద్ధురాలి ఇల్లు పన్ను బాకీకై పోయినది. అసలు పన్ను సుమారు 2,300 డాలర్లు. జరిమానాలు, వడ్డీ, ఖర్చులు కలిసి 15,000 డాలర్లైనవి. కౌంటీ దానిని 40,000 డాలర్లకు అమ్మి, బాకీ పోగా మిగిలిన 25,000 డాలర్లను గూడ తానే యుంచుకొన్నది. 2023 మే నెలలో ఆ దేశపు సుప్రీముకోర్టు న్యాయమూర్తులందరును ఏకగ్రీవముగ ఇది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పిరి. బాకీకి మించి ప్రభుత్వము తీసికొనరాదను సూత్రమును వారు 1215నాటి మాగ్నాకార్టా వరకు వెదకి చూపిరి. ఆ సూత్రమునే పరాయి ప్రభుత్వము వ్రాసిన 1864 చట్టము మన జిల్లాలలో 42వ సెక్షనుగా ఉంచినది. ఈ విషయమున ఆ చట్టము న్యాయమైనది.

కాని న్యాయమైన నిబంధనకును, దాని ఫలమునకును నడుమ పాటదారు నిలిచియున్నాడు. మిగులు సొమ్ము రైతుదే యని చట్టము చెప్పినది. పాటదారు రానప్పుడు మిగులేది? నూటికి అరువది ఎకరముల విషయమున ఆ సెక్షను రైతునకు ఒక పైసయు తెచ్చియుండదు. బాకీని కొనువారు పోటీపడు దేశములో యజమానికి చిక్కు వడ్డీ భారము. కొనువారే లేని దేశములో యజమానికి చిక్కు శూన్యము. రెండుచోట్లను చట్టము హామీ యని పిలిచినది ఒక్కటే భూమి. దాని విలువను నిర్ణయించినది మాత్రము చట్టము కాదు.

ముగింపు

‘వేలము’ అను మాటయే మనది కాదు. పోర్చుగీసు వర్తకులనుండి తీరమున దిగి లోపలికి వచ్చినదని పండితుల మతము. ‘జప్తు’, ‘బాకీ’, ‘కిస్తు’ అను మాటలు అరబ్బీనుండి పారసీ ద్వారమున నవాబుల కచేరీలకు వచ్చినవి. ‘నోటీసు’ ఇంగ్లీషుది. రైతు భూమిని పోగొట్టుకొనుటకు కావలసిన పదజాలమంతయు దిగుమతియే. ‘పొలము’, ‘గట్టు’, ‘దుక్కి’, ‘పంట’ అను మాటలు మాత్రము అతనివి. ఈ రెండు పదజాలములు ఒకే కాగితముపై కలిసికొన్న తావు ఆ వేలపు ప్రకటనము.

కనుక పరిశోధక విద్యార్థులకు ఒక మనవి. ఆర్థికచరిత్ర మనది కాదని తెలుగు శాఖవారు ఊరకుండరాదు. పాత తాలూకా కచేరీల దస్త్రములలో, జిల్లా గెజెట్లలో ఇట్టి తెలుగు ప్రకటనలు ఎచ్చట దొరకినను సేకరింపవలెను. అందలి గ్రామముల పేర్లు, పొలముల పేర్లు, ఎల్లల వర్ణనలు, కులవృత్తుల సూచనలు భాషాచరిత్రకును స్థానికచరిత్రకును సమానముగ ఉపకరించును. పాటదారు పేరు వ్రాసిన గడిని విశేషముగ చూడవలెను. అచ్చట షావుకారు పేరున్నదా, పొరుగు రైతు పేరున్నదా, లేక సర్కారు అని మాత్రమే యున్నదా? ఆ యొక్క గడి ఊరి కథను చెప్పును.

నేడు గాలేరుకు అడ్డముగా తెలుగుగంగ పథకమున కట్టిన వెలుగోడు జలాశయములో 16.95 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలుచును. శ్రీశైలమునుండి వచ్చిన కృష్ణాజలము ఇచ్చటినుండి దక్షిణమునకు సాగిపోవుచున్నది. ఒకనాడు వాన లేక, శిస్తు కట్టలేక, కొనువారు సైతము లేక సర్కారు పేర నమోదైన పొలములు ఇట్టి లోయలలోనివే. నీరు చూచి భూమి విలువను తలచువారు, నీరు లేనినాడు ఆ భూమికి ఎవరు వెలకట్టిరో, ఎవరు వెలకట్టుటకును రాలేదో గూడ తలచుట ఉచితము.